నాలుగో నంబరు టోకెన్

ఆదివారం పొద్దున ఆరు గంటలకు బయలుదేరాలని అందరం ఒప్పుకున్నదే. నా నోట్‌బుక్‌లో ఇరవై మూడు ఆదివారాల లెక్క ఉంది. అందులో ఆరు గంటలకు బయలుదేరిన ఆదివారం ఒక్కటీ లేదు. అన్నిటికంటే దగ్గరికి వచ్చింది ఆరూ పదకొండు. ఆ రోజు మబ్బు చూసి సగం మంది రాలేదు కాబట్టి దాన్ని కూడా గొప్పగా చెప్పుకోవడానికి లేదు.

మేము పద్నాలుగు మందిమి. చాంపియన్ రీఫ్స్‌లో మైదానం పక్కన ఉన్న టీ కొట్టు దగ్గర కలుస్తాం. అక్కడినుంచి బంగారు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్కగా దిగి, మురికి కాలువ గట్టు పట్టుకుని ఊరు దాటితే, ఆ కాలువే కాసేపటికి మామూలు వాగైపోతుంది. మామిడి తోటల మధ్య నుంచి పోయి పెద్ద చెరువులో కలుస్తుంది. చెరువు కట్ట మీద ఒక చివరినుంచి ఇంకో చివరికి తొక్కి, తూము దగ్గర టీ తాగి వెనక్కి రావడం. మా వాట్సాప్ గ్రూపులో దీన్ని 'ట్రైల్' అని రాస్తారు. బెంగళూరులో కొన్నాళ్ళు ఉండి వచ్చినాయన పెట్టిన మాట అది. మొదటి రెండు కిలోమీటర్లు ముక్కు మూసుకుని తొక్కే దారికి ఆ పేరు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పోవడానికి తొమ్మిది కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు. రావడానికి కూడా అంతే, కానీ వచ్చేటప్పుడు ఎగువ. ఈ లెక్క నేను సైకిలు చక్రానికి గుడ్డ పీలిక కట్టి, చుట్లు లెక్కబెట్టి తీసింది. ఫోన్‌లో చూస్తే సరిపోయేది కదా అని అందరూ నవ్వారు. ఫోన్ తొమ్మిదిన్నర చూపించింది. వంద మీటర్లు తప్పు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

నేను పదో తరగతి దాటలేదు. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఎన్ని ఇటుకలు, ఎంత ఇసుక, ఎంత కమ్మీ కావాలో కాగితం మీద వేసి ఇవ్వడం నా పని. ఎవరూ నేర్పలేదు, తప్పులు చేసి నేర్చుకున్నాను. అందుకని గ్రూపులో నన్ను లెక్కల మేస్త్రీ అంటారు. ఆ మాట మెచ్చుకోలుగా అన్నవాడు ఇంతవరకు కనబడలేదు.

నా తాపత్రయం అంతా ఒక పెద్దాయన గురించి. ఆయనకు డెబ్బై దాటాయి. గని మూసేవరకు లోపల కట్టెల పని చేశాడు. అంటే తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గని పోయింది, ఆ దుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. మెల్లగా తొక్కితే మంచిదేనని డాక్టరు అన్నాడట. ఆయన కూతురికి ఇష్టం లేదు. కోరమండల్‌లో గని కార్మికుల ఇళ్ళ లైన్లలో ఆమె ఇంట్లోనే ఆయన ఉంటాడు. మొదటి ఆదివారమే ఆమె వచ్చి నాతో చెప్పింది.

"అన్నా, తొమ్మిదిన్నరకు చర్చిలో ఆరాధన. తొమ్మిదికి నాయన ఇంట్లో ఉండాల. ఒక్క వారం తప్పినా ఇంగ సైకిలు లేదు. బీగం వేసి పెడతా."

"తొమ్మిదికి తెచ్చి ఇంట్లో దింపతానమ్మా."

"ఆయన మాట కాదన్నా, నీ మాట అడగతా ఉండా."

మాట ఇచ్చాను. ఇచ్చాక లెక్క వేశాను; ముందు వేయాల్సింది. పెద్దాయన పోయేటప్పుడు గంటకు తొమ్మిది కిలోమీటర్లు, వచ్చేటప్పుడు ఎనిమిది. అరవై నాలుగు నిమిషాలు, డెబ్బై రెండు నిమిషాలు, టీకి ఇరవై. ఆరుకు బయలుదేరితే ఎనిమిదీ ముప్ఫై ఆరుకు వస్తాం. ఆరూ ఇరవైకి బయలుదేరితే ఎనిమిదీ యాభై ఆరు. ఇక మిగిలేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లోనే ఒకాయన మామిడి తోట ముందు నిలబడి ఫోటో తీసుకోవాలి, ఇంకొకాయన చెరువులో కొంగల్ని చూపిస్తూ నలుగురిని ఆపాలి. ప్రతి వారం ఎవరో ఒకరు కురుడుమలె వినాయకుడి దాకా పోదాం అంటారు. రానూ పోనూ ఎంతవుతుందో కాగితం మీద వేసి చూపిస్తే, "నువ్వు లెక్కేస్తే దేవుడు కూడా దూరం పోతాడప్పా" అంటారు.

లెక్క తేలని ఇంకో సంగతి ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు అందరూ ఒక్క దారిన రారు. సగం దూరంలో కాలువ గట్టు వదిలి తారు రోడ్డెక్కే చీలిక ఉంది. కొందరు అటు, కొందరు ఇటు. ఎవరు వచ్చారో, ఎవరు ఇంటికి పోయారో, ఎవరు ఇంకా దారిలో ఉన్నారో తెలియదు. చాలా వారాలు నేను అందరికంటే చివర తొక్కాను. ఎవరూ వెనక పడలేదని చూసుకోవడానికి. అప్పుడు కూడా తారు రోడ్డున పోయినవాళ్ళ సంగతి తెలిసేది కాదు.

అందుకే టోకెన్లు చేయించాను. మా నాయన గనిలో దిగినవాడే. దిగేముందు నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకోవడం, పైకి వచ్చాక దాన్ని బోర్డు మీద తన మేకుకు తగిలించడం ఆయన చెబితే విన్నదే. ఖాళీ మేకు కనిపిస్తే ఒక మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. లేతు పనివాడి దగ్గర అల్యూమినియం బిళ్ళలు కోయించి ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు కొట్టించాను. ఒక ప్లైవుడ్ ముక్కకు పద్నాలుగు మేకులు కొట్టి టీ కొట్టు లోపల గోడకు పెట్టించాను. కొట్టుకు ఆరు మెట్లు ఎక్కాలి. ఆ మెట్ల గురించి అప్పుడు ఆలోచించలేదు.

అందరూ నవ్వినవాళ్ళే. "ఇంగ హెల్మెట్‌కి లైటు కూడా కట్టుకుందామా, మేస్త్రీ?" అన్నాడొకాయన. ఒక్క పెద్దాయన నవ్వలేదు. నాలుగో నంబరు తీసి రెండు వైపులా చూసి, వేలితో అంచు తడిమి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఇదప్పా పద్ధతంటే. ఒకరి టోకెన్ ఇంకొకరు ముట్టకూడదు. కన్న కొడుకైనా సరే."

ఆ మాట అందరికీ వినబడే చెప్పాడు. గ్రూపులో రైలాయన అని ఒకాయన ఉన్నాడు. ఆయన కూడా అక్కడే ఉన్నాడు, అప్పుడు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ ఉన్నాడు.

రైలాయన రోజూ పొద్దున బెంగళూరు రైలెక్కేవాళ్ళలో ఒకడు. గనులు మూతపడ్డాక మా ఊరికి ఆ రైలే గనిలోకి దిగే షాఫ్టు. తెల్లవారక ముందే దిగిపోతారు, రాత్రికి పైకి తేలతారు. ఆ రైలులో సీటు పట్టడం ఒక విద్య. బండి ఆగకముందే కిటికీలోంచి చేతిగుడ్డ వేస్తే అది ఇంకా రాని మనిషి సీటు. ఎవరూ కాదనరు. రైలాయన ఒక్కడే రోజూ నలుగురికి సీటు పడతాడు. చాలా మంచివాడు. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

టోకెన్లు వచ్చిన నాలుగో ఆదివారం. చలికాలం, మంచు. ఆరూ ఇరవై ఆరుకు బయలుదేరాం. అంటే పెద్దాయన లెక్కలో అప్పటికే రెండు నిమిషాలు లోటు. చెరువు చేరేసరికి ఎండ వచ్చింది. పెద్దాయనకు చెమట పట్టి కోటు విప్పాడు. ఆయన పాత సైకిలుకు క్యారియర్ విరిగి చాలా కాలమైంది. "ఇట్లియ్యి పెద్దప్పా, నా క్యారియర్‌లో పెడతా" అని రైలాయన కోటు తీసుకుని రబ్బరు తాడుతో కట్టాడు. నేను అందరినీ తొందరపెడుతూ ఉన్నాను. ఏడూ యాభైకి కట్ట దిగాం.

ఆ రోజు నేను చివర తొక్కలేదు. దాచడానికి ఏమీ లేదు. బోర్డు పెట్టినప్పటినుంచీ చివర తొక్కడం మానేశాను. చూడ్డానికి బోర్డు ఉంది కదా, ఇంక నేనెందుకు అనుకున్నాను. చీలిక దగ్గర ఒకాయన సైకిలు చైను ఊడింది. అతనితో తారు రోడ్డున పోయి, రెండుసార్లు ఆగి చైను ఎక్కించి, టీ కొట్టు చేరేసరికి ఎనిమిదీ నలభై ఏడు. కొట్టు ముందు సైకిళ్ళు లేవు.

"అందరూ పోయినారు మేస్త్రీ" అన్నాడు టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

మెట్లెక్కి బోర్డు చూశాను. పన్నెండు టోకెన్లు ఉన్నాయి. చైను ఊడినాయనదీ నాదీ తగిలించాం. పద్నాలుగు. నాలుగో మేకుకు నాలుగో నంబరు ఉంది.

అక్కడ నాకు ఆశ్చర్యం వేయాల్సింది. పెద్దాయన ఎనిమిది కిలోమీటర్ల వేగంతో వస్తే తొమ్మిదీ రెండుకు ముందు రాలేడు. ఆ లెక్క వేసింది నేనే. కానీ ఎదురుగా పద్నాలుగు మేకులకు పద్నాలుగు బిళ్ళలు వేలాడుతూ ఉంటే మనసు ఇంకో లెక్క వేయడానికి ఒప్పుకోలేదు. నోట్‌బుక్ తీసి రాశాను: 'నంబరు నాలుగు, 8.47 లోపల. ఇంతవరకు ఇదే మేలు.' దాని కింద గీత కూడా గీశాను. ఇంటికి పోయి స్నానం చేసి ఇడ్లీ ముందు కూర్చున్నాను.

తొమ్మిదీ పదిహేనుకు వాకిట్లో స్కూటర్ ఆగింది. పెద్దాయన కూతురు. చర్చికి పోయే చీర, భుజాన బ్యాగు.

"అన్నా, నాయన యాడ?"

"ఇంట్లోనే కదమ్మా. ఎనిమిదీ నలభై ఏడు లోపలే వచ్చేసినాడు."

"ఎవురు చూసినారు?"

"బోర్డులో టోకెన్ ఉండాది."

"టోకెన్ కాదన్నా. మనిషిని చూసినావా?"

నా చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉంది. చూడలేదమ్మా అన్నాను. రైలాయనకు ఫోన్ చేశాను. వెనక వాళ్ళింట్లో టీవీ మోగుతూ ఉంది.

"ఆ టోకెనా? నేనే తగిలించినాన్నా. కోటు జేబులో గలగలమంటా ఉండె. పెద్దప్ప ఎట్లాగూ వెనకాలే వస్తా ఉన్నాడు కదా, ఆ బిళ్ళ కోసం ఆరు మెట్లెక్కి ఆయాసపడడం ఎందుకని. సుమ్నే, ఊరికే, సీటు పట్టినట్టు పట్టినా. ఏమీ, ఇంకా రాలేదా?"

 తిట్టడానికి నోరు తెరిస్తే, అతను చేసిందంతా ఆ ఆరు మెట్లు తప్పించడానికే. నేను వేసిన బోర్డు, నేను ఎంచిన గోడ, నేను ఎక్కమన్న మెట్లు. ఫోన్ పెట్టేశాను.

ఆమె స్కూటర్ వెనక కూర్చున్నాను. దిబ్బ పక్కనుంచి కాలువ గట్టు మీదికి దిగాం. గుంటల్లో ఎగిరి పడుతూనే లెక్క వేస్తున్నాను. ఏడూ యాభైకి బయలుదేరాడు, ఇప్పుడు ఇంత అయింది, తొక్కుతూ ఉంటే ఈపాటికి ఎదురు రావాలి, రాలేదంటే ఎక్కడో ఆగాడు.

"నాలుగో కిలోమీటరు నుంచి చూడాలమ్మా. నాలుగు నుంచి ఏడు లోపల..."

"అన్నా, సుమ్నుండు, మాట్లాడద్దు!" అంది ఆమె, తిరగకుండానే. "ఆయన ఊపిరికి పీల్చే మందు పంపు కూడా ఆ కోటు జేబులోనే ఉంటాది. తెలుసా నీకు?"

తెలియదు. అన్ని వారాల నా లెక్కలో ఆ సంగతి ఎక్కడా లేదు. 

ఆరో కిలోమీటరు దగ్గర, మామిడి తోట మూల మీద ఉన్న మోరీ గట్టున పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సైకిలు తలకిందులుగా పెట్టి ఉంది. వెనక ట్యూబు పగిలింది. చేతిలో స్టీలు చెంబు. తోట పక్కన పట్టుపురుగులు పెంచే ఇంటావిడ మజ్జిగ ఇచ్చి, తాను కూడా కాస్త దూరంలో కూర్చుని మల్బరీ ఆకు ఏరుకుంటూ ఉంది. టైం చూశాను, అలవాటు కొద్దీ. తొమ్మిదీ ముప్ఫై ఏడు. ఆయన అక్కడ కూర్చుని గంటా ఇరవై నిమిషాలు.

కూతురు స్కూటర్‌కు స్టాండు కూడా వేయకుండా దిగింది. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

"నాయనా, ఊపిరి బాగుండాదా?"

"బాగుండాది మా. కూర్చునే ఉన్నా కదా."

మజ్జిగ ఇచ్చినావిడ అందుకుంది. "ఎంత చెప్పినా వినలేదమ్మా మీ నాయన. పాల ఆటో రెండు తూర్లు పోయింది. ఎక్కించుకుంటామంటే వద్దనె. మా ఇంటాయన బండి మీద దింపతానంటే దానికీ వద్దనె."

"ఎందుకు ఎక్కలే నాయనా?" ఆమె గొంతు పెరిగింది.

"నేను ఆటో ఎక్కి యాడికో పోతే, ఈయప్ప వచ్చి ఈడ నన్ను వెతుక్కుంటా తిరగడా?" అని నన్ను చూపించాడు. "లోపల లైటు ఆరిపోతే అడుగు కదపకూడదు. ఉన్న చోటే కూర్చోవాల. పైన టోకెన్ తక్కువ ఉంటాది, చూస్తారు, వాళ్ళే వస్తారు. మనం కదిలితే వచ్చినోళ్ళకు కష్టం." చెంబు కింద పెట్టి నావైపు తిరిగాడు. "కొంచెం లేటు చేసినావప్పా. అయినా పర్వాలేదు, వచ్చినావు."

అక్కడ ఊరుకుని ఉండొచ్చు. ఆయన అలా అనుకుంటేనే నాకు మంచిది. కానీ తప్పు లెక్క మీద సంతకం పెట్టడం నా చేత కాదు.

"టోకెన్ తక్కువ లేదు పెద్దప్పా" అన్నాను. "నాలుగో నంబరు బోర్డు మీద ఉండాది. కోటు జేబులోంచి తీసి రైలాయన తగిలించినాడు. నేను చూసి, నువ్వు వచ్చేసినావని రాసుకుని, ఇంటికి పోయి ఇడ్లీ తింటా ఉన్నా. మీ అమ్మాయి వచ్చి అడిగినంక తెలిసింది."

ఆయన చెవి నావైపు పెట్టి వంగాడు. మల్బరీ ఆకు ఏరుతున్నావిడ చేయి ఆపింది.

"నేను ఈడుండంగానే నా టోకెన్ ఆడుండాదా?"

"ఉండాది."

"అంటే నేను వచ్చేసినట్టే లెక్క."

"లెక్క ప్రకారం అంతే."

"ఎన్నింటికి వచ్చినానప్పా?"

"ఎనిమిదీ నలభై ఏడు లోపల."

"ఓయబ్బా!" అన్నాడు. "ఇంత బిరీన ఎప్పుడూ రాలేదే." నవ్వబోయాడు, నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా కూతురు ఆయన వీపు రాస్తూ నిలబడింది. ఆగాక నన్ను చూసింది. ఆ చూపులో ఉన్నది నేను ఇక్కడ రాయను.

"ఇంగ సైకిలు లేదు నాయనా" అంది. "అనుకున్న మాటే."

ఆయన చెంబు మజ్జిగ ఇచ్చినావిడకు తిరిగి ఇచ్చాడు. స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాడు. సైకిలును నేను నడిపించుకుంటూ వచ్చాను. ఆరు కిలోమీటర్లు, గంటా ఇరవై ఆరు నిమిషాలు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి, నాలుగో మేకు మీది బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాను. నోట్‌బుక్‌లో గీత గీసిన ఆ వరుసను కొట్టేశాను. కొట్టేసినా చదవడానికి వస్తుంది.

సాయంత్రం కోటూ మందు పంపూ పట్టుకుని రైలాయన, సైకిలు పట్టుకుని నేను కోరమండల్‌లో ఆమె ఇంటికి పోయాం. వాకిట్లోనే నిలబెట్టింది. తప్పు నాదంటే నాదని మేమిద్దరం పోటీ పడుతుంటే, "మీ తగువు మీరు టీ కొట్లో తేల్చుకోండి" అని సైకిలు లోపలికి తీసుకుపోయి బీగం వేసింది. లోపలినుంచి పెద్దాయన గొంతు ఒక్కటే వినిపించింది.

"నా టోకెన్ యాడుండాదో అడుగు మా."

"నా దగ్గర ఉండాది పెద్దప్పా."

"ఎవురికీ ఇయ్యొద్దు."

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. పదమూడు మందిమి ఆరూ పద్దెనిమిదికి బయలుదేరాం. తొందరపెట్టాల్సిన అవసరం లేదు, అయినా తొందరపెట్టాను. నాలుగో మేకు ఖాళీగా ఉంది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అందరూ దాన్ని చూశారు. రైలాయన ఒక చేతిగుడ్డ తెచ్చి ఆ మేకుకు కట్టాడు.

"ఏందిది?" అన్నాను కోపంగా.

"సీటు" అన్నాడు.

ఆ పై ఆదివారం ఆరూ ఇరవై రెండుకు కొట్టు ముందు రెండు సైకిళ్ళు వచ్చి ఆగాయి. ఒకటి పెద్దాయనది, కొత్త ట్యూబుతో. ఇంకోటి బుట్ట ఉన్న లేడీస్ సైకిలు, దాని మీద ఆయన కూతురు. మందు పంపు ఆమె బుట్టలో ఉంది.

"ఆరాధన సాయంత్రం కూడా ఉండాది" అంది నాతో, ఎవరో అడిగినట్టు. "మూడు దినాలు ఆయన అన్నం ముందర కూర్చుని మాట్లాడలేదన్నా. చిన్నబిడ్డ మాదిరి. ఇంగ నేనే వస్తా. నాకూ ఒక టోకెన్ ఇయ్యి."

నాలుగో నంబరు పెద్దాయన చేతికిచ్చాను. పదిహేనో బిళ్ళ చేయించాను. పదిహేనో మేకు కొట్టాను.

ఇప్పుడు నా బాధ వేరు. ఆమె సైకిలు తొక్కి ఇరవై ఏళ్ళయిందట. గంటకు ఏడు కిలోమీటర్లు. చెరువు కట్ట మీద గాలి వీస్తే ఆరు. దారిలో చింతచిగురు కనిపిస్తే దిగుతుంది, ఆ మజ్జిగ ఇచ్చినావిడ ఇంటి ముందు ప్రతి వారం దిగుతుంది. తొమ్మిదికి ఇంట్లో దింపకపోతే బీగం వేస్తానని నా దగ్గర మాట తీసుకున్న మనిషి, తొమ్మిదీ నలభైకి తీరిగ్గా తొక్కుకుంటూ, "పరుగెందుకన్నా, ఎవురు కొడతారు?" అంటుంది. పెద్దాయన ముందు పోయి, కాలు కింద పెట్టి, ఆమె కోసం ఆగుతాడు. "బిరీన రా మా, మేస్త్రీ బేజారవుతాడు" అంటాడు. మిగతా పన్నెండు మందీ ఎప్పుడో వచ్చి టీ తాగి, ఇళ్ళకు పోయి ఉంటారు. ఇప్పుడు మళ్ళీ చివర తొక్కేది నేనే కాబట్టి ఈ ఇద్దరి వెనక, ఏడు కిలోమీటర్ల వేగంతో, బ్రేకు మీద చేయి పెట్టుకుని రావాలి.

బోర్డు మెట్ల కిందికి దించుదామన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. మేకు ఎక్కడుంటే అక్కడికి మనిషి పోవాలట. ఆయన ఆరు మెట్లూ తానే ఎక్కుతాడు. మూడో మెట్టు మీద నిలబడి ఊపిరి తీసుకుంటాడు. కూతురు కింద నిలబడుతుంది, నేను ఆమె పక్కన. ఆయన లోపలికి పోయి, చేతిగుడ్డ పక్కకు జరిపి, నాలుగో నంబరు తగిలించిన చప్పుడు వినిపించాకే మేము ఎక్కుతాం. ఆ మెట్లకు పట్టే టైం నేను నోట్‌బుక్‌లో రాయడం లేదు. మొన్న మూడు నిమిషాలు పట్టింది.